పేటకు పొలిమేర ఎక్కడ?

స్మారకోపన్యాసం ఇచ్చేవాళ్ళు ముందు విషయం ఎంత పెద్దదో చెప్పి, ఆ తర్వాత దానికి తామెంత తగనివాళ్ళో చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ రెండూ వదిలేసి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. "మీరుండేది ఎక్కడండీ?" నగరంలో ఉండే మనిషి ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు చెప్పడు. ఊరి నుంచి వచ్చిన చుట్టం అడిగితే హైదరాబాద్ అంటాడు. సికింద్రాబాద్ మనిషి అడిగితే అమీర్‌పేట అంటాడు. అమీర్‌పేట మనిషే అడిగితే బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక సందు అంటాడు. ఆ సందులోనే ఉండే మనిషి అడిగితే "మూలమీద కిరాణా కొట్టు లేదూ, దాని పైవాటా" అంటాడు. నాలుగూ నిజమే. అడిగేవాడికి ఎంత తెలుసో చూసుకుని జవాబు అంతకంతకూ దగ్గరికి జరుగుతుంది. అయితే ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ 'ఇక్కడి నుంచి ఇక్కడి దాకా' అన్న మాట లేదు. పోనీ "మీ అమీర్‌పేట ఎక్కడ అయిపోతుంది?" అని సూటిగా అడిగి చూడండి. మనిషి కాసేపు ఆగుతాడు. "అదే, మైత్రీవనం దాటితే ఎస్సార్‌నగర్ వచ్చేస్తుంది కదా" అంటాడు. పక్కనున్నాయన ఊరుకోడు. "మైత్రీవనం అంటేనే అమీర్‌పేట" అంటాడు. ఇద్దరూ ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ కాపురమున్నవాళ్ళే కావచ్చు, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. జవాబుకు ముందు ఆ మనిషి ఎందుకు ఆగాడన్నదే నా విషయం.

తెలుగు పల్లెకు ఈ ఇబ్బంది లేదు. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది, ఊరి చివర పొలిమేర ఉంటుంది. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి పండుగ చేసినప్పుడు అత్తవారిళ్ళకు పోయిన ఆడబిడ్డలందరినీ పిలుచుకుంటారు. ఊరి చుట్టూ పొలిమేర కడతారు. ఆ తంతు నడుస్తున్నంతసేపూ లోపలివాళ్ళు దాటిపోకూడదు, బయటివాళ్ళు అడుగుపెట్టకూడదు. రెవెన్యూవారి గ్రామపటంలోనూ సరిహద్దు ఉంటుంది. మూడు ఊళ్ళ పొలాలు కలిసేచోట రాయి పాతి ఉంటుంది. అంటే నడుమా అంచూ రెండూ ఊరివాళ్ళకు తెలుసు, సర్కారుకూ తెలుసు. అలాంటి ఊళ్ళను నగరం ఒక్కొక్కటిగా కలుపుకుంది. కూకట్‌పల్లి, మూసాపేట, మియాపూర్ ఒకప్పుడు పొలాల మధ్య ఊళ్ళే. పొలిమేర మీద ముందు ప్లాట్లు పడ్డాయి, తర్వాత అపార్ట్‌మెంట్లు లేచాయి, గట్టు రోడ్డయింది, అవతలి ఊరి అపార్ట్‌మెంట్లు వచ్చి ఇవతలివాటికి భుజాలు రాసుకున్నాయి. పొలం పోయాక పొలిమేర ఎక్కడ నిలుస్తుంది? బొడ్రాయి మాత్రం మిగిలింది. కొన్నిచోట్ల నిజంగానే రాయిగా మిగిలింది, ఇంకా ఎక్కువచోట్ల గుడిగా, మసీదుగా, చౌరస్తాగా, సినిమా హాలుగా, కూరగాయల మార్కెట్టుగా రూపం మార్చుకుంది. నగరవాసి తన పేటను నడుమ నుంచి ఎరుగుతాడని నేను చెప్పదలచుకున్నాను. ఆ ఎరుక నడుమ చిక్కగా ఉంటుంది, బయటికి పోయేకొద్దీ పలచబడుతుంది, ఎక్కడో ఒకచోట పక్కపేట ఎరుకలో కలిసిపోతుంది. ఆఫీసులకు మాత్రం అంచు లేనిదే పని జరగదు కాబట్టి అవి అంచు గీస్తాయి. గీసేటప్పుడు సులువు చూసుకుని చాలాసార్లు సరిగ్గా నడుమ గుండానే గీస్తాయి. నా పేచీ అంతా ఈ చివరి మాటతోనే.

మొదటి సాక్ష్యం మన చిరునామాలే. ఎదురుగా, పక్కన, వెనక, పైన, దగ్గర: ఈ అయిదు మాటలు తీసేస్తే తెలుగు దేశాన ఏ ఉత్తరమూ చేరదు. పెళ్ళి శుభలేఖ మీద కల్యాణమండపం చిరునామా చదవండి. డోర్ నంబరు చిన్న అక్షరాల్లో, 'ఫలానా పెట్రోల్ బంకు ఎదురుగా' అన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇలా ఆనవాలు చుట్టూ అల్లుకున్న చిరునామాలో సరిహద్దుకు చోటు లేదు, అవసరమూ లేదు. పేటల పేర్లు ఇంకా స్పష్టంగా చెబుతాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ పెట్టిన దుకాణం ఒక్క భవనం. ఆ దుకాణం ఎప్పుడో మూతపడినా దాని పేరు ఇరుగుపొరుగు వీధులన్నిటికీ పాకి ఆబిడ్స్ అయింది. బ్రిటిష్ రెసిడెంటు కోఠీ ఒక్క మేడ, ఇవాళ కోఠి ఒక మహా బజారు. 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఒక ఫ్యాక్టరీ, ఇవాళ 'ఈసీఐఎల్' అంటే బస్సులు తిరిగే చోటు, బట్టల కొట్లు, ఇళ్ళు, కాలేజీలు. ఆ సంస్థను నిలబెట్టిన ఎ.ఎస్. రావు పేరు పక్కనే ఇంకో కాలనీ అయింది. విశాఖలో జగదాంబ ఒక సినిమా హాలు. మహానగరానికి నడిబొడ్డు దాని పేరుతోనే నడుస్తోంది. ఎన్ఏడీ అంటే నౌకాదళం ఆయుధాల డిపో అని తెలియనివాళ్ళకు కూడా ఎన్ఏడీ జంక్షన్ తెలుసు. విజయవాడ, విశాఖ, కర్నూలు ఏ ఊరు తీసుకున్నా వన్‌టౌన్ ఉంది. అది అసలు పోలీస్ స్టేషన్ పేరు. జనం ఆ స్టేషన్ పరిధి ఎంతవరకో తెలుసుకుని ఆ పేరు పెట్టుకోలేదు. స్టేషను ఉన్న పాత బజారును అలా పిలిచారు. ఈ పేర్లన్నీ ఒక చుక్క దగ్గర పుట్టి చుట్టూ పరచుకున్నవే.

ఇంకో వింత కూడా ఈ పేర్లలో ఉంది. నిన్నటి అంచు ఇవాళ్టి నడుమ అవుతుంది. హైదరాబాద్ పాతనగరానికి ఒకప్పుడు చుట్టూ గోడ ఉండేది, గోడకు దర్వాజాలుండేవి. దర్వాజా అంటే అంచుకే అంచు. గోడ పోయింది, ద్వారాల్లో పురానాపూల్, దబీర్‌పురా మాత్రమే మిగిలాయి. కానీ లాల్‌దర్వాజా అంటే ఇవాళ ఎవరికీ గోడ గుర్తురాదు. సింహవాహిని మహంకాళి గుడి, ఆషాఢంలో బోనాలు గుర్తొస్తాయి. ఊరి చివరి గుమ్మం దాని చుట్టూ ఉన్న బస్తీకి బొడ్రాయి అయింది. వంతెన కూడా అంతే. లక్డీకాపూల్‌లో ఇప్పుడు కర్ర వంతెన లేదు, ఆ పేరుతో ఒక పేట ఉంది. మాసాబ్ ట్యాంక్‌లో చెరువు లేదు. రెండు వీధులు, రెండు ఊళ్ళు, రెండు ఒడ్లు కలిసేచోట మనుషులు ఆగుతారు. ఆగినచోట బండి మీద చాయ్ పెడతారు. చాయ్ పెట్టినచోటికి పేరొస్తుంది. నగర ప్రణాళికల వారికి ఈ సంగతి మింగుడుపడదు. 1929లో అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 'నైబర్‌హుడ్ యూనిట్' అనే నమూనా రాశాడు. నడుమ బడి ఉండాలి, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచిపోగలగాలి, చుట్టూ ఉన్న వెడల్పాటి రోడ్లే ఆ పేటకు సరిహద్దులు కావాలి. ఆలోచన మంచిదే, పిల్లల మీద ప్రేమతో చేసిందే. ప్రపంచమంతా కాలనీల ప్లాన్లు దాని నీడలోనే గీశారు. సెక్టార్లు, ఫేజులుగా వెలసిన మన కాలనీలకూ మూలం అదే. మన నగరాల్లో మాత్రం పెద్ద రోడ్డు మీదే బజారు పెరిగింది, చౌరస్తాకే పేరొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆ రోడ్డే, వెనకనున్న ఇళ్ళు కావు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పేరులోనే క్రాస్ రోడ్స్ ఉంది. ప్రణాళిక కాగితం మీద అంచు అయినది జనం మనసులో నడుమ అయి కూర్చుంది.

ఇది మన తెలుగువాళ్ళ అలవాటు మాత్రమేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదనే చెప్పాలి. 1960లో వచ్చిన కెవిన్ లించ్ పుస్తకం 'ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ' జనం మనసులో నగరం ఎలా ఉందో చదివే విద్యకు పునాది. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లో ఉండేవాళ్ళను కూర్చోబెట్టి తమ నగరాన్ని గీయమని, వర్ణించమని అడిగాడాయన. వాళ్ళ మాటల్లోంచి దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, ఆనవాళ్ళు అనే అయిదింటిని ఏరాడు. పేటలన్నిటికీ గట్టి అంచులుండవనీ, కొన్నిటికి నడుమే బలంగా ఉండి బయటికి కరిగిపోతాయనీ ఆయన అప్పుడే గుర్తించాడు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో టెరెన్స్ లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గృహిణుల చేత తమ పేటను మ్యాపు మీద గీయించి 1968లో ఫలితాలు ప్రకటించాడు. ఇళ్ళు ఒత్తుగా ఉన్నచోటా, పలచగా ఉన్నచోటా గీసిన వైశాల్యం పెద్దగా మారలేదు. అంటే ఎంతమంది ఉంటున్నారన్న లెక్క ఆ గీతలో లేదు, ఎంతదూరం నడుస్తామన్న లెక్క ఉంది. 2012లో బోస్టన్‌లో ఆండీ వుడ్రఫ్, టిమ్ వాలెస్ అనే ఇద్దరు మ్యాపు నిపుణులు జనం చేతనే పేటల గీతలు గీయించి, వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చారు. పేర్చిన బొమ్మలో అందరూ ఒప్పుకున్న నడుమ చిక్కగా, అంచులు పలచగా కనిపించాయి. గాజు పలకల మీద సిరా చుక్కలు వేసి కలిపి చూసినట్టు అనుకోండి. ఈ మసకలో ఏముందిలే అనుకునేవారికి క్లీవ్‌ల్యాండ్ నగరం జవాబు చెబుతుంది. అక్కడ క్లాడియా కౌల్టన్ బృందం పిల్లలున్న తల్లిదండ్రుల చేత గీతలు గీయించి, 2001లో వాటిని జనగణన విభాగాలతో పోల్చి చూపింది. గీతలు కలవలేదు. కలవకపోవడమే గాక, ఏ గీతను తీసుకుంటే ఆ పేట లెక్కలు, అంటే పేదరికం, నేరాలు వగైరా, ఆ గీతకు తగ్గట్టు మారాయి. గీత మసకే కావచ్చు, దాన్నిబట్టి వచ్చే నిధులు మసక కావు.

ఇప్పుడు ఆఫీసుల వైపు చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఇల్లు ఎన్ని గీతల కింద ఉంటుందో లెక్కపెట్టండి. జీహెచ్ఎంసీ వార్డు, అసెంబ్లీ నియోజకవర్గం, పోలీస్ స్టేషన్ పరిధి, పిన్‌కోడు, విద్యుత్ సెక్షను, జలమండలి సెక్షను, రేషన్ దుకాణం, రిజిస్ట్రేషన్ ఆఫీసు, జనగణన బ్లాకు. ఏ ఒక్క గీతా మరోదానితో పూర్తిగా కలవదు. ఇంటి గుమ్మం మీది డోర్ నంబరే చిన్న చరిత్ర పుస్తకం. హిమాయత్‌నగర్ ఇళ్ళు 3-6తో, సోమాజిగూడ ఇళ్ళు 6-3తో మొదలవుతాయి. మొదటి అంకె పాత మున్సిపల్ వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆ వార్డులు పోయి వేరే డివిజన్లు వచ్చినా ఇటుకకు అతికిన అంకె పోలేదు. జూబ్లీహిల్స్‌లో ఎన్నో ఇళ్ళ నంబర్లు 8-2-293/82 అని మొదలై, ఆ తర్వాత ఏ, బీ అంటూ తోకలు పెంచుకుంటూ పోతాయి. ఒక కాలనీకి కాలనీయే ఒక్క నంబరు వెనక కూర్చుంది. అదే జూబ్లీహిల్స్ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం కూడా ఉంది. దానిలో ఉన్నది ప్రధానంగా బోరబండ, ఎర్రగడ్డ, రహ్మత్‌నగర్, యూసుఫ్‌గూడ, వెంగళరావునగర్. జనం జూబ్లీహిల్స్ అని పిలిచే ఆ కొండ మీది ఇళ్ళు చాలావరకు ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఓటేస్తాయి. టీవీలో 'జూబ్లీహిల్స్ ఓటరు' అనగానే కారు దిగుతున్న మనిషిని ఊహించుకునేవాళ్ళకు బోరబండ కళ్ళముందుకు రాదు. పేరు ఒకచోట, గీత మరోచోట ఉంటే ఇలాగే అవుతుంది. పోలీసుల సంగతి ఇంకా తీవ్రం. 'ఇది మా పరిధి కాదు' అన్న మాట ఎంతమందిని స్టేషను మెట్ల మీంచి వెనక్కి పంపిందంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలనే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి తేవలసి వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేరప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దాన్ని చట్టంలోనే రాసుకుంది. గీత మనిషికి అడ్డం పడుతోందని రాజ్యమే ఒప్పుకున్న సందర్భమది.

అయితే అంచులు ఎక్కడా లేవని నేనంటే అది తప్పవుతుంది. ఉన్నాయి, రెండు రకాలు. ఒకటి కాలికి అడ్డం పడేవి. మూసీ అలాంటిది. 1578లో పురానాపూల్ కట్టిన నాటి నుంచి ఎన్ని వంతెనలు వచ్చినా నది ఇవతలివాళ్ళు అవతలివాళ్ళ గురించి 'మూసీ అవతల' అనే మాట్లాడతారు. పాతబస్తీ అన్న మాట వయసును చెప్పదు. అదే నిజమైతే చార్మినార్ కంటే పాతదైన గోల్కొండను ముందుగా అలా పిలవాలి. గోల్కొండకు వెళ్ళేవాళ్ళెవరూ పాతబస్తీకి వెళ్తున్నామనరు. ఆ మాటలో నది ఉంది. హుస్సేన్‌సాగర్ కూడా అంతే. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటు పక్కన వెలసింది, 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. కలిసి అరవై ఏళ్ళు దాటినా అక్కడి పెద్దవాళ్ళు ఆబిడ్స్‌కు బయలుదేరేటప్పుడు "హైదరాబాద్ పోయొస్తా" అంటారు. విజయవాడలో రైలు పట్టాలూ కాలువలూ ఇదే పని చేస్తాయి. ఈ జాబితాలోకి మనమే కొత్తవి చేర్చాం. ఫ్లైఓవర్లు, ఎత్తయిన డివైడర్లు, కిలోమీటరు దాకా దారివ్వని రోడ్లు. మందుల షాపు ఎదుటి ఒడ్డునే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లెక్కలేదు. యూటర్న్ తీసుకుని వచ్చే ఆటోకు డబ్బు దండగ. ఆమె పేట ఆ రోజు నుంచి సగమవుతుంది. ఇరవయ్యేళ్ళ మనవడికి అదే పేట బైకు పోయినంత దూరం ఉంటుంది. పగలు చౌరస్తా దాకా పేటగా ఉన్న ఆడపిల్లకు రాత్రి తొమ్మిది తర్వాత అది సందు మలుపు దగ్గరే ఆగిపోతుంది. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు పొలిమేరలన్న మాట.

ఈ అంచు ఎలా కదులుతుందో దగ్గరగా చూడాలంటే వినాయక చవితి చందా పుస్తకం తెరవండి. భాద్రపదానికి నెల ముందు ఆరేడుగురు కుర్రాళ్ళు రసీదు పుస్తకం పట్టుకుని బయలుదేరతారు. ఏ ఇంటి దగ్గర మొదలుపెట్టాలో వాళ్ళకు సందేహం లేదు. పందిరి వేసేచోటుకు ఎదురిల్లు. అక్కడ అయిదు వందల పదహార్లు. సందు పొడవునా ఒకటే రేటు. మూల తిరిగాక నూట పదహార్లు. ఆ తర్వాత సందులో తలుపు తట్టడానికి ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "వీళ్ళు అవతలి వినాయకుడికి ఇస్తారేమోరా." తట్టి చూస్తారు. లోపలి నుంచి "మొన్ననే వాళ్ళకు ఇచ్చాం బాబూ" అన్న మాట వస్తే ఆ గడప ఈ ఏటికి పొలిమేర. వచ్చే ఏడు అవతలి పందిరివాళ్ళు కొట్లాడుకుని మానేస్తే అదే గడప ఇవతలికి వస్తుంది. రసీదుల మీది మొత్తాలను నడుమ నుంచి బయటికి వరసగా రాసుకుంటే లించ్ చెప్పిన చిక్కదనం, పలచదనం అంకెల్లో కనిపిస్తాయి. నల్లా నీళ్ళు కూడా ఇలాంటి పటమే గీస్తాయి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే నగరంలో "మీకు ఇవాళ వచ్చాయా?" అనే ప్రశ్నకు ఔనన్నవాళ్ళు ఒక జట్టు, కాదన్నవాళ్ళు ఇంకో జట్టు. వాల్వు తిప్పే మనిషి మనసులో ఉన్న పటం ఏ ఆఫీసు గోడ మీదా ఉండదు.

నా వాదానికి అసలైన అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. జనం మనసులోని పొలిమేర ఎప్పుడూ నడకతో, చందాతో గీసినదే కాదు. అంచుల్లో నేను చెప్పిన రెండో రకం ఇక్కడే ఉంది: మనిషి మనిషిని ఆపేచోట పుట్టే అంచు. "మా ఏరియా" అన్న మాటలో చాలాసార్లు "మీరు కారు" అన్న మాట దాగి ఉంటుంది. కులం అడిగి, మతం అడిగి, మాంసం తింటారా అని అడిగి అద్దెకివ్వని ఇళ్ళ వరస కూడా ఒక పటమే. నేను ఇంతసేపూ మెచ్చుకుంటూ వచ్చిన బొడ్రాయి ఊరికి కూడా ఊరి వెలుపల మాలపల్లె, మాదిగవాడ ఉన్నాయి. ఆ ఊరిలో బొడ్రాయి అందరికీ నడుమ కాలేదు. అలాంటప్పుడు జనం గీసిన గీతనే ప్రమాణంగా తీసుకుంటే వెలిని చట్టం చేసినట్టు కాదా? బలమైన ప్రశ్న, దీన్ని పక్కకు నెట్టలేను. నా జవాబు ఇది. జనం ఎరుకను తీర్పుగా తీసుకోమని నేననడం లేదు, సాక్ష్యంగా తీసుకోమంటున్నాను. సాక్ష్యం అన్నాక రెండు పక్షాలనూ విచారించాలి. కొండ మీది కాలనీ వాళ్ళను అడిగితే తమ పేట కాలనీ గేటు దగ్గర ఆగిపోతుంది. గేటు పక్కనున్న బస్తీ కాలనీవాళ్ళ బొమ్మలో ఉండదు, ఉన్నా ఖాళీ జాగాగా ఉంటుంది. బస్తీ ఆడవాళ్ళను అడిగితే బొమ్మలో కాలనీ మొత్తం ఉంటుంది, ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో కూడా ఉంటుంది. రోజూ పొద్దున పనికి పోయేది అక్కడికే కాబట్టి. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో అక్కడ వివక్ష ఉంది. ఆఫీసు గీత ఆ వివక్షను చూపదు. కాలనీని ఒక వార్డులో, బస్తీని ఇంకో వార్డులో వేసి చేతులు దులుపుకుంటే అది మరింత కనబడకుండా పోతుంది. ఎరుకను అడగకపోతే పక్షపాతం పోదు, లెక్కలోకి రాకుండా దాక్కుంటుంది.

ఇంకా రెండు అభ్యంతరాలున్నాయి, అవి అంత బరువైనవి కావు. ఇప్పుడు ఫోన్లో మ్యాపు ఉంది కదా, ఏ పేట ఎక్కడో అదే చెబుతుంది కదా అంటారు. అన్నం పార్సిల్ తెచ్చే కుర్రాడు చేతిలో అదే మ్యాపు పెట్టుకుని కూడా "సార్, దగ్గర్లో ఏముంది?" అని ఫోన్ చేస్తున్నంత కాలం ఈ వాదం మీద నాకు గౌరవం కలగదు. గీతలు మారుతూ ఉంటే పాలన ఎలా నడుస్తుందన్నది రెండోది. పాలనకు గీత కావాలి, ఒప్పుకుంటాను. చెత్తబండి ఏదో ఒక సందు దగ్గర వెనక్కి తిరగాల్సిందే. షికాగో విశ్వవిద్యాలయ పండితులు 1920లలో తమ నగరాన్ని 75 పేటలుగా గీశారు. వందేళ్ళయినా లెక్కలన్నీ ఆ గీతల మీదే నడుస్తున్నాయి. స్థిరంగా ఉండే గీత విలువ నాకు తెలుసు. కానీ అదే షికాగోలో ఎడ్జ్‌వాటర్ వాసులు తాము అప్‌టౌన్ కామని పట్టుబడితే 1980లో వాళ్ళను విడిగా చూపారు. ఇవాళ ఆ పేటలు 77. ఒకచోట గీత మార్చినంత మాత్రాన నగరం కూలిపోలేదు.

మన దగ్గర వార్డుల పునర్విభజన ముసాయిదా చదివితే దాని భాష ఇలా ఉంటుంది: ఉత్తరాన ఫలానా రోడ్డు వెంట ఫలానా ఇంటి నంబరు దాకా, తూర్పున నాలా వెంట ఫలానా జంక్షన్ దాకా. నాలా వెంట గీస్తే నాకు అభ్యంతరం లేదు, నాలాను దాటి రోజూ ఎవరూ కూరగాయలకు పోరు. రోడ్డు వెంట గీసినప్పుడే చూసుకోవాలి. ఆ రోడ్డు మధ్య ఎత్తయిన డివైడరు, మీద ఫ్లైఓవరు ఉంటే అది నిజమైన అంచే. అదే రోడ్డు రెండు వైపులా దుకాణాలుండి, మనుషులు అటూ ఇటూ దాటుతూ బేరమాడుతుంటే అది పేటకు బొడ్రాయి. దాని నడుమ గీత గీస్తే ఒకే బజారుకు ఇద్దరు కార్పొరేటర్లు, రెండు పారిశుధ్య జట్లు. ఇవతలి కుప్ప పొద్దున పోతుంది, అవతలి కుప్ప మధ్యాహ్నం దాకా ఉంటుంది, ఫిర్యాదు చేస్తే ఎవరికి వారు చెయ్యి అవతలికి చూపిస్తారు. జనం ఎరుక పలచబడిన చోట గీత గీస్తే ఇలాంటి కోత తక్కువ పడుతుంది. పలచబడింది ఎక్కడో తెలియాలంటే అడగాలి. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం 1993 నుంచీ చెబుతోంది. అడిగే వేదిక కాగితం మీద ఉంది.

విద్యార్థులు చాలామంది వచ్చారు కాబట్టి వాళ్ళకు ఒక పని అప్పగించి ముగిస్తాను. మీరుండే పేటలో ఇరవైమందిని కలవండి. మ్యాపు ముద్రించి ఇవ్వకండి, చేతికి తెల్ల కాగితం, పెన్సిలు ఇవ్వండి. ముందు నడుమ ఏదో చుక్క పెట్టమనండి, ఆ తర్వాతే గీత. సొంతింటివాళ్ళతో పాటు అద్దెకున్నవాళ్ళను, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళను, బడి పిల్లలను, వాల్వు తిప్పే మనిషిని అడగండి. గీతలు కలవనిచోట మీరు సరిదిద్దకండి, కలవలేదని రాసి వదిలేయండి. వచ్చే పునర్విభజన ముసాయిదా వెలువడినప్పుడు, అభ్యంతరాల గడువు ముగియకముందే ఆ కాగితాలను మీ మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి, తేదీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి.